బోరు నీళ్లు, గుడ్డ డైపర్లు: ఉతికినా వాసన, తొడిగిన గంటకే తడి

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)

పాపకు ఐదో నెల నడుస్తోంది. కాన్పుకు పుట్టింటికి కర్నూలు పోయినప్పటి నుంచి గుడ్డ డైపర్లే. అక్కడున్నన్నాళ్లూ ఏ చిక్కూ రాలేదు. అనంతపురం అత్తగారింటికి వచ్చాక అవే డైపర్లు, అదే పౌడరు, కానీ మొత్తం తేడా కొట్టింది.

దండెం మీద నుంచి తీసేటప్పుడు వాసన ఉండదు. పాప ఒక్కసారి ఉచ్చ పోయగానే కళ్లు మండేంత ఘాటు. లోపల పెట్టే ఇన్సర్టులు అప్పడాల్లా బిర్రుగా తయారయ్యాయి. తొడిగి గంట కాకముందే తొడల దగ్గర కారి నా చీర తడుస్తోంది. ఉన్నవన్నీ పాకెట్ డైపర్లు, అంటే పై కవరు లోపల జేబులాంటిది ఉండి అందులో ఇన్సర్టు దూర్చేవి. ఇన్సర్టులు ఎక్కువగా మైక్రోఫైబర్‌వి, కొన్ని వెదురు కాటన్‌వి. వాషింగ్ మెషీన్‌లోనే ఉతుకుతాను.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. "ఈ మూటలు కట్టి పిల్లకు దొడ్డికాళ్లు తెప్పిస్తావా" అని అత్త. "వాడి పారేసే ప్యాకెట్‌వి తెచ్చి పడేస్తా, రోజూ ఈ పంచాయితీ ఎందుకు" అని ఆయన. నాకైతే మానాలని లేదు. మన సీమలో బోరు నీళ్లతోనే నెట్టుకొస్తున్న వాళ్లుంటే ఎట్లా ఉతుకుతున్నారో చెప్పండి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

చెల్లీ, కర్నూల్లో నువ్వు వాడింది సుంకేసుల నుంచి వచ్చే తుంగభద్ర నీళ్లు. ఏటి నీళ్లకూ బోరు నీళ్లకూ చాలా తేడా ఉంటుంది. నా అనుమానం డైపర్ల మీద కాదు, నీళ్ల మీదే. అయినా ఇవి చెప్పు:

పౌడరు ఎంత వేస్తావు? బట్టలు మెత్తబడటానికని వాసన లిక్విడ్ ఏదైనా కలుపుతావా? తడి డైపర్లు ఉతికేదాకా మూత పెట్టిన బకెట్‌లో ఉంటాయా? రాత్రివి పొద్దున్నే జాడిస్తావా, మెషీన్ వేసేదాకా అట్లే ఉంచుతావా?

పాత_రేడియో (కడప)

ఎందుకమ్మా ఇంత కష్టం? మాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరినీ ప్యాకెట్ డైపర్లతోనే పెంచాం. బాగానే ఉన్నారు, బడికి పోతున్నారు. ఎండాకాలం తాగడానికే ట్యాంకర్ కోసం చూసే ఊళ్లో రోజుకు నాలుగు బకెట్లు డైపర్లకే పోస్తే ఎట్లా? పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్ల మీద జీఎస్టీ కూడా 12 శాతం నుంచి 5కు తగ్గింది. ఇంట్లో ప్రశాంతతకు కూడా ఒక ధర ఉంటుంది కదా.

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)

అక్కా, పౌడరు మొదట్లో ఒక చెంచా వేసేదాన్ని. వాసన పోవాలని ఇప్పుడు రెండు, మూడు వేస్తున్నా. బట్టలు మెత్తబడే లిక్విడ్ అత్త మిగతా బట్టలకు వేస్తుంది, డైపర్లకు వేయనివ్వను. బకెట్‌కు మూత ఉంటుంది, లేకపోతే ఇల్లంతా వాసన. రాత్రివి కూడా అందులోనే. ఒకరోజు విడిచి ఒకరోజు మెషీన్ వేస్తాను.

రేడియో అన్నా, మీ మాట మా ఆయనకు చూపించను.

సున్నం_తేట (కడప)

నేను బడిలో రసాయనశాస్త్రం చెబుతాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఎక్కువ. మీ హీటర్ కడ్డీకి తెల్లగా పెంకు కడుతుందా? అదే పెంకు సన్నగా మీ ఇన్సర్టుల నూలు పోగుల మధ్య కూడా కడుతోంది. గుడ్డ బిర్రెక్కడం అందుకే. పోగుల మధ్య సందులు మూసుకుపోతే ఉచ్చ లోపలికి ఇంకదు, పక్కకు జారి తొడల దగ్గర బయటపడుతుంది.

రెండోది, పౌడరులో మురికిని పట్టే శక్తిలో కొంత భాగం ముందు ఈ ఉప్పులతోనే ఖర్చైపోతుంది. మురికికి మిగిలేది తక్కువ. అందుకని మీరు ఇంకా పౌడరు వేస్తారు. అది జాడింపులో పూర్తిగా పోదు, గుడ్డలోనే ఉండిపోతుంది. దాని మీద మళ్లీ ఉప్పు చేరుతుంది. మామూలు బట్టల సబ్బు బిళ్లతో రుద్దితే ఇంకా అన్యాయం. ఉప్పునీళ్లలో సబ్బు జిడ్డు తెట్టెలా విరిగి గుడ్డకు పట్టుకుంటుంది.

ఘాటు వాసన అమోనియాది. ఉచ్చలో ఉండే యూరియాను బ్యాక్టీరియా అమోనియాగా మారుస్తుంది. గుడ్డలో పేరుకున్న జిడ్డులో బ్యాక్టీరియా మిగిలి ఉంటే, ఎండినప్పుడు నిద్రపోయినట్టు ఉండి తడి తగలగానే పని మొదలుపెడుతుంది. దండెం మీద వాసన లేకుండా, పాప పోయగానే రావడం దీని గుర్తే. మూత పెట్టిన బకెట్‌లో రెండు రోజులు ఉంటే దానికి పండగే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎండిన ఇన్సర్టు మీద నాలుగు చుక్కలు నీళ్లు వేయండి. ఇంకకుండా ముత్యాల్లా నిలబడితే పైన పూత ఉన్నట్టు. ఉతికిన ఇన్సర్టును గోరువెచ్చని మంచి నీళ్లలో వేసి పిసకండి, నురగ వస్తే పౌడరు మిగిలినట్టు.

ఒక ప్రశ్న. ఇంట్లో ఆర్‌ఓ మెషీన్ ఉందా? దాని వేస్టు నీళ్లు ఏం చేస్తారు?

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)

ఉంది సార్. మా మామ ఒక్క చుక్క కూడా పారబోయనివ్వరు. పైపు పెట్టి బకెట్లలో పడతారు. అవే వాషింగ్ మెషీన్‌లో పోస్తాం. నీళ్లు వృథా కాకూడదని మొదటి నుంచీ ఇంట్లో అదే అలవాటు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఓ సామీ. దొరికింది.

సున్నం_తేట (కడప)

అదే నా అనుమానం. ఆర్‌ఓ చేసే పని బోరు నీళ్లలోని ఉప్పులను ఒకవైపు నెట్టేయడం. ఒక పైపులో తాగే నీళ్లు వస్తాయి, వదిలించుకున్న ఉప్పులన్నీ రెండో పైపులో పోతాయి. అంటే మీ డైపర్లు బోరు నీళ్లలో కూడా కాదు, బోరు నీళ్ల కంటే చిక్కటి ఉప్పునీళ్లలో నానుతున్నాయి.

మీ మామగారి పట్టింపు తప్పు కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో నీళ్లు పారబోయకపోవడం గొప్ప సంగతే. ఆ నీళ్లు మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి, బండలు తుడవడానికి వాడండి. పాప గుడ్డలకు మాత్రం వద్దు.

మీకు మున్సిపాలిటీ కుళాయి ఉందా?

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)

ఉంది. రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున. అవి వంటకూ స్నానాలకూ గాబులో పట్టి పెడతాం.

సున్నం_తేట (కడప)

ఆ నీళ్లు రెండు బకెట్లు చివరి జాడింపుకు ఇవ్వగలిగినా చాలు. మొదటి రెండు జాడింపులు బోరు నీళ్లే కానివ్వండి.

ఉతికేటప్పుడు బోరు నీళ్లలో ముందు చాకలి సోడా వేసి కలపండి. బకెట్‌కు ఒక చెంచా. కాసేపు ఆగి, ఆ తర్వాత పౌడరు. సోడా నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంను పట్టుకుంటే పౌడరు తన పని తాను చేసుకుంటుంది, తక్కువ పౌడరు సరిపోతుంది. ఇది వంట సోడా కాదు, రెండూ వేరు. చాకలి సోడా చేతులకు మండుతుంది, ఒట్టి చేతులతో పిసకొద్దు. జాడింపు బాగా జరగాలి, పాప ఒంటికి అది తగలకూడదు.

ఇప్పటికే బిర్రెక్కిన ఇన్సర్టులకు ఒకసారి నిమ్మ ఉప్పు వైద్యం చేయొచ్చు. గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి, ఇన్సర్టులు మాత్రమే అరగంట నానబెట్టి, బాగా జాడించి మామూలుగా ఉతకండి. పేరుకున్న సున్నం కరుగుతుంది. పై కవర్లు ఇందులో వేయొద్దు, ఎలాస్టిక్ పాడవుతుంది. ఇదే బకెట్‌లో బ్లీచింగ్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

పెన్నేటి_ఇసుక (తాడిపత్రి)

మాది ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు. ఆ నీళ్లతో ఉతికిన గుడ్డ పిల్లోడి ఒంటికి తగిలితే ఏమన్నా అవుతుందా? మా ఇంట్లో ఈ భయం ఒకటి ఉంది.

సున్నం_తేట (కడప)

ఫ్లోరైడ్‌తో ముప్పు తాగే నీళ్లలో, వండే నీళ్లలో ఉంది. ఉతికి ఆరేసిన గుడ్డ నుంచి చర్మంలోకి లెక్కపెట్టదగినంత పోదు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని కొందరనుకుంటారు, పోదు. తాగడానికి మాత్రం జాగ్రత్త పడండి, ఉతకడానికి భయం వద్దు.

తెల్లకోటు_కాదు (కర్నూలు)

నేను పిల్లల వార్డులో నర్సును. ఉతకడం గురించి మాస్టారు చెప్పారు, నేను ఒంటి గురించి చెబుతా.

దొడ్డికాళ్ల సంగతి ముందు. కడుపులో ముడుచుకుని ఉండటం వల్ల పుట్టిన పిల్లలందరి కాళ్లూ కొంచెం వంకరగానే ఉంటాయి. నడక వచ్చాక సాధారణంగా రెండేళ్లలోపు సర్దుకుంటాయి. డైపర్ వల్ల రావు, నూనె రుద్ది లాగితే పోవు. మందపాటి గుడ్డ తొడలను ఎడంగా ఉంచడం తుంటి కీలుకు మంచిదే. నిజంగా చేటు చేసేది రెండు కాళ్లూ నిటారుగా చాపి గుడ్డలో బిగించి చుట్టడం. మీ అత్తగారితో ఆ మాట నెమ్మదిగా చెప్పండి. రెండేళ్లు దాటినా వంకర తగ్గకపోయినా, ఒక కాలే వంగినా డాక్టరుకు చూపించాలి.

ఎర్రదనం. గుడ్డ తగిలే చోట పైపైన ఎరుపు అయితే తడి వల్ల. తరచుగా మార్చండి, రోజులో కాసేపు ఏమీ తొడగకుండా గాలికి వదలండి. గజ్జల మడతల లోపల కూడా ముదురు ఎరుపు ఉండి, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తే ఫంగస్ కావచ్చు. కొబ్బరినూనెతో పోదు, డాక్టరు రాసిన మందు పూయాలి. అప్పుడు వాడిన గుడ్డలు వేడి నీళ్లతో ఉతికి ఎండలో ఆరేయండి.

జింక్ ఆక్సైడ్ క్రీము పూస్తే గుడ్డకు పట్టి అది నీళ్లు పీల్చదు. మధ్యలో పల్చటి పాత కాటన్ ముక్క వేయండి, ఆ ముక్క పాడైనా బాధ లేదు. టాల్కం పౌడరు మాత్రం మానేయండి. మన వాళ్లు పూలు చల్లినట్టు చల్లుతారు. ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గుడ్డ అయినా ప్యాకెట్ అయినా రెండు మూడు గంటలకు మార్చాల్సిందే. దొడ్డికి పోతే వెంటనే. ప్యాకెట్‌ది ఉబ్బేదాకా ఉంచడమూ, గుడ్డది కారేదాకా ఉంచడమూ రెండూ ఒకటే.

పాత_రేడియో (కడప)

ఆ చివరి మాటకు నా ఓటు. సంచి వేలాడేదాకా తిప్పే వాళ్లను నేనూ చూశా.

జొన్నరొట్టె_జేజి (ధర్మవరం దగ్గర)

మా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెప్తన్నా.

అమ్మాయ్, మా కాలంలో ఇన్సర్టూ లేదు, పాకెట్టూ లేదు. పాత నూలు చీరలు చించి నాలుగు మడతలు వేసేవాళ్లం. పాలిస్టర్ కలిసిన చీర పనికిరాదు, అది నీళ్లు తాగదు. ఎంత పాతదైతే అంత మెత్తన. కొత్త గుడ్డ కొన్నా నాలుగైదు సార్లు ఉతికి గాని పిల్లకు కట్టకూడదు.

ఇంకొకటి. పిల్లకు పాలిచ్చిన కాసేపటికి, నిద్ర లేచిన వెంటనే రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని "ష్ ష్" అంటే అదే పోస్తుంది. నేను ఏడుగురు మనవళ్లకు చేసినా. పొద్దున లేచిన వెంటనే పోయించినా గుడ్డలు సగానికి సగం తగ్గుతాయి. గుడ్డలు తక్కువైతే నీళ్లు తక్కువ. మీరందరూ ఉతికేదాని గురించే మాట్లాడతాండారు, తడవకుండా చూసేదాని గురించి ఎవరూ చెప్పలే.

దొడ్డికాళ్ల మాట మా అత్త కూడా అనేది. నేనూ అన్నా. నర్సమ్మ చెప్పింది విన్నా.

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)

జేజీ, మీ మనవరాలికి థాంక్స్. ఈ పాదాల మీద కూర్చోబెట్టే పని మా అత్తకు అప్పజెప్తాను. ఆమెకు ఇష్టమైన పని అవుతుంది, నాకూ ఉతుకుడు తగ్గుతుంది.

గాలిమర_నీడ (అనంతపురం)

ఇక్కడ ఒక చేదు మాట. గుడ్డ డైపర్ అంటే పర్యావరణానికి మేలు అని అందరూ కళ్లు మూసుకుని అంటారు. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ రెండింటినీ మొదటి నుంచి చివరి దాకా లెక్క కట్టింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్లకు ప్యాకెట్ డైపర్లతో సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు. గుడ్డవాటితో సుమారు 570. గుడ్డదే కాస్త ఎక్కువ! కాబట్టి ఎవరినీ చిన్నచూపు చూడకండి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఆ లెక్క నాకూ తెలుసు, కానీ మీరు సగమే చెప్పారు. ఆ 570లో ఎక్కువ భాగం నీళ్లు వేడి చేయడానికీ, కరెంటు డ్రైయర్‌లో ఆరబెట్టడానికీ అయినది. మెషీన్ నిండా వేసి ఉతికి, బయట తీగ మీద ఆరేసి, అవే డైపర్లు రెండో బిడ్డకు కూడా వాడితే 40 శాతం దాకా తగ్గుతుందని కూడా అదే లెక్కలో ఉంది. కర్నూల్లో మే నెల మిట్టమధ్యాహ్నం డ్రైయర్ కొనేవాడు ఎవడండీ? మిద్దె మీద ఆరేసి కిందికి దిగి మజ్జిగ తాగి పైకి పోతే ఆరిపోయి ఉంటాయి.

గాలిమర_నీడ (అనంతపురం)

సరే, ఒప్పుకుంటా. కానీ నీళ్లు? ఆ లెక్క బ్రిటన్‌ది, వాళ్లకు వాన కరువు లేదు. మాకు ఉంది.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

నీళ్ల విషయంలో మీతో వాదించను. అనంతపురంలో ట్యాంకర్ కొనుక్కునే ఇంట్లో ఉంటే నేనూ రాత్రికీ ప్రయాణానికీ ప్యాకెట్‌దే వాడేదాన్ని. ఇప్పటికీ కడప నుంచి తిరుపతి బస్సెక్కితే అదే తొడుగుతా. మేం చేసే పొదుపు ఒకటి: చివరి జాడింపు నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి. పారబోయకుండా పట్టి పెట్టి మరుసటి విడతకు మొదటి జాడింపు చేస్తాం. మొదటి జాడింపు నీళ్లు మరుగుదొడ్డిలోకి. మొక్కలకు పోయం, పౌడరు, సోడా కలిసి ఉంటాయి కాబట్టి.

ఇంకో వైపు కూడా చూడండి. మా వీధి చివర ఖాళీ ప్లాటులో కుక్కలు చింపేసిన ప్యాకెట్ డైపర్లు చూస్తే లోపలి తడి పీల్చే జిగురు గుల్లలు ఎట్లా ఉబ్బుతాయో తెలుస్తుంది. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన డైపర్ శానిటరీ చెత్త. విడిగా చుట్టి ఇవ్వాలి, దాన్ని చుట్టడానికి సంచి ఇవ్వాల్సింది తయారీదారులు. దొడ్డిని మరుగుదొడ్డిలో పడేసి, చుట్టి ఇచ్చే వాళ్లను మీరు ఎంతమందిని చూశారు?

పాత_రేడియో (కడప)

మేం పేపర్‌లో చుట్టి ఇచ్చేవాళ్లం. దొడ్డి విషయం మాత్రం... అడగకండి.

కత్తెర_కొలత (ఆదోని)

నేను టైలర్‌ని. ఇక్కడ ఎవరూ గుడ్డ గురించి మాట్లాడటం లేదు, అందుకే వచ్చా.

మైక్రోఫైబర్ అనేది పాలిస్టర్ రకమే. చాలా వేగంగా పీలుస్తుంది, కానీ ఒత్తితే వదిలేస్తుంది. చంకలో ఎత్తుకున్నా, ఉయ్యాలలో గట్టిగా కూర్చోబెట్టినా కారేది అందుకే. ఒంటికి నేరుగా తగలకూడదు, చర్మంలో తడి కూడా లాగేసి పొడిబారుస్తుంది. పాకెట్ లోపల పెట్టినప్పుడు పైన మెత్తటి పొర ఉంటుంది కాబట్టి సరే. కాటన్, వెదురు నిదానంగా పీలుస్తాయి కానీ పట్టింది విడిచిపెట్టవు. పైన మైక్రోఫైబర్, కింద కాటన్ పెడితే రెండింటి లాభం దొరుకుతుంది.

పై కవరుకు వాడేది పాలిస్టర్ బట్టకు లోపలివైపు పలచగా పాలియురెథేన్ పొర అంటించింది. నీళ్లు బయటికి రావు, ఆవిరి కొంత పోతుంది. రెయిన్‌కోటు గుడ్డతో కుట్టిస్తే చవకే, కానీ గాలి ఆడదు, మన ఎండలకు చెమటకాయలు ఖాయం. అడిగి వచ్చే వాళ్లకు నేనే వద్దని చెబుతా. ఈ కవరు ఆలోచన కొత్తది కాదు. 1946లో అమెరికాలో మారియన్ డోనోవన్ అనే తల్లి స్నానాల గది తెర చించి కుట్టుకుంది, పిన్నీసులకు బదులు బటన్లు పెట్టింది.

కవర్లు మరిగే నీళ్లలో వేయొద్దు, ఇస్త్రీ చేయొద్దు. నీడలో ఆరేయండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో రోజూ ఉంటే ఎలాస్టిక్ వదులవుతుంది, పొర పగుళ్లిస్తుంది. ఇన్సర్టులు మాత్రం మండుటెండలో వేయండి, మరక కూడా తడిగా ఉండగా ఎండకు పెడితే వెలిసిపోతుంది.

ఈ ఏడాది కొత్తగా కొనేవాళ్లకు నా సలహా: పాకెట్‌వి కొన్నే కొనండి. మిగతా వాటికి మెత్తటి కోరా కాటన్ గుడ్డ మీటర్ల లెక్కన తెచ్చి చదరంగా కుట్టించుకోండి. పల్చటి ఒకే పొర గుడ్డ విప్పితే త్వరగా ఆరుతుంది, ఉప్పు కూడా త్వరగా జాడింపులో పోతుంది. అన్ని పొరలూ కలిపి కుట్టిన మందపాటి డైపర్‌లో మధ్య పొర దాకా నీళ్లు పోవు. ఉప్పు నీళ్ల ఊళ్లకు పల్చనిదే మేలు.

జొన్నరొట్టె_జేజి (ధర్మవరం దగ్గర)

టైలరబ్బాయ్, చివరకు నాలుగు మడతల నూలు గుడ్డకే వచ్చినావు కదా.

కత్తెర_కొలత (ఆదోని)

వచ్చినా జేజీ.

పెన్నేటి_ఇసుక (తాడిపత్రి)

ఆషాఢం గాలి సంగతి కూడా చెప్పండి. మాకు ఆ నెలలో మిద్దె మీద ఆరేస్తే ఎర్రటి దుమ్ము, ముళ్ల గింజలు అంటుకుంటాయి. ఒకసారి గుడ్డలో ఎర్రచీమ కూడా.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఆ నెలలో కిటికీ లోపల తాడు కట్టు, మెత్తని ఎండ పడేచోట. ఏ నెలలోనైనా మడత పెట్టే ముందు విదిలించి, రెండు అరచేతుల మధ్య రుద్ది, లోపలి పాకెట్‌లో చెయ్యి పెట్టి చూడు. రుద్దితే బిర్రుదనం కూడా తగ్గుతుంది.

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)

కబురు చెబుదామని వచ్చా.

ఆర్‌ఓ వేస్టు నీళ్లు డైపర్లకు ఆపేశాం. మామకు మాస్టారి జవాబు మొత్తం చదివి వినిపించాం. "ఉప్పంతా రెండో పైపులో పోతుందా" అని రెండుసార్లు అడిగి, ఆ బకెట్ల మీద చాక్‌పీసుతో "బండలకు" అని రాశారు. చివరి జాడింపు గాబులోని కుళాయి నీళ్లతో. అత్త మొదట ఒప్పుకోలేదు, ఆ నీళ్లు వంటవని. ఇప్పుడు స్నానాల్లో ఒక చెంబు తగ్గించి పక్కకు పెడుతోంది.

నిమ్మ ఉప్పు నానబెట్టాక ఇన్సర్టులు మెత్తబడ్డాయి. నీళ్ల చుక్క వేస్తే కనిపించకుండా ఇంకిపోతోంది. పౌడరు మళ్లీ ఒక చెంచాకు తగ్గించా, సోడా ముందు వేస్తున్నా. వాసన పగలంతా లేదు. రాత్రివి మాత్రం పొద్దున లేచేసరికి ఇంకా కొంచెం వస్తోంది. బకెట్ మూత తీసేశాం, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్ట పెట్టాం. ఆశ్చర్యం ఏమంటే మూత లేకపోతేనే ఇంట్లో వాసన తక్కువ.

మైక్రోఫైబర్ ఒక్కటే పెడితే చంకలో ఎత్తుకున్నప్పుడు ఇంకా కారుతోంది. టైలర్ అన్న చెప్పినట్టు కింద కాటన్ మడత పెడితే ఆగుతోంది. కానీ పాప పిర్రలు పెద్ద గుమ్మడికాయ అంత అయ్యాయి, గౌన్లు పట్టడం లేదు.

తెల్లకోటు_కాదు (కర్నూలు)

రాత్రివి లేవగానే జాడించండి, మెషీన్ రోజుకు ఆగకండి. ఆరు నెలలకు ఘనాహారం మొదలైతే దొడ్డి మారుతుంది. ఇప్పటిదాకా తల్లిపాల దొడ్డి నీళ్లలో కరిగిపోయేది, ఇక అట్లా కాదు. ఉగ్గు, రాగి జావ మొదలుపెట్టాక దొడ్డిని ముందు మరుగుదొడ్డిలో దులిపి, ఆ తర్వాతే బుట్టలో వేయండి. లోపల పల్చటి కాటన్ ముక్క పరిస్తే దులపడం తేలిక.

గౌన్లు ఒక సైజు పెద్దవి కొనడమే, వేరే మందు లేదు.

మొలతాడు (ప్రొద్దుటూరు)

చర్చ మొత్తం చదివా. మాకు వచ్చే నెల కాన్పు. మా అక్క వాడిన పాకెట్ డైపర్లు ఇస్తానంటోంది. తొడల దగ్గర ఎలాస్టిక్ పూర్తిగా సాగిపోయింది, మిగతా అంతా బాగుంది. తీసుకోవచ్చా? ఇంకొకరు వాడినవి పసిగుడ్డుకు తొడగొచ్చా అని మా అమ్మ.

కత్తెర_కొలత (ఆదోని)

తీసుకోండి. కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. లోపలి పొర పగిలి ముడతలు ముడతలుగా ఊడుతుంటే వద్దు. పొర బాగుంటే ఎలాస్టిక్ ఏ టైలరైనా మారుస్తాడు, రెండు వైపులా చిన్న కుట్టు విప్పి పాతది లాగేసి కొత్తది దూర్చడమే. మరీ బిగువుగా వేయొద్దని చెప్పండి, తొడకు ఎర్రగా గీత పడుతుంది. ఒక వేలు దూరేంత వదులు ఉండాలి.

తెల్లకోటు_కాదు (కర్నూలు)

అమ్మగారికి చెప్పండి: ఇన్సర్టులు కాటన్‌వైతే మరిగే నీళ్లలో వేసి తీసి, రెండు రోజులు ఎండలో ఆరేస్తే చాలు. కవర్లు గోరువెచ్చని నీళ్లలో పౌడరుతో ఉతికి ఆరబెట్టండి. పాప లేదా బాబు బరువు మూడు కిలోల లోపు ఉంటే మొదటి కొన్ని వారాలు పాకెట్‌ది వదులవుతుంది, తొడల దగ్గర సందు ఉంటుంది. అప్పటిదాకా నూలు గుడ్డ మడతలే కట్టండి. బొడ్డు ఊడేదాకా గుడ్డ అంచు బొడ్డు కిందికి మడవండి.

మొలతాడు (ప్రొద్దుటూరు)

థాంక్స్ అండీ. మా ఇంట్లో కూడా ఆర్‌ఓ ఉంది. ఇప్పుడే పోయి ఆ రెండో పైపు యాడికి పోతుందో చూస్తా.